మెట్ల కింద నిలబడి కొన్న అంగీ

నా చిన్నప్పుడు చిల్లు అంగీ తొడుక్కుని మరీ నేర్చుకున్న పాఠాన్ని, అరవై దాటాక, కెమెరా ముందు, ఊరంతా చూస్తుండగా మరిచిపోయిన ఘనత నాది. ఇంత తెలివైన పని నార్కట్‌పల్లి బజారులో ఇంకెవరూ చేసి ఉండరు.

రాష్ట్రం వచ్చాక మా దగ్గర అందరికీ మాటలు వచ్చాయి. ఫోను ఉన్న ప్రతివాడూ ఎవరినో ఒకరిని కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు. బట్టల దుకాణం కొడుక్కి అప్పజెప్పి ఈగలు తోలుకుంటున్న నేనూ ఒక చానల్ పెట్టాను. తెలంగాణ వచ్చి ఎవరికి ఏం ఒరిగింది, సిమెంటు కార్ఖానాల కిందకు పోయిన భూములేమయ్యాయి, రిజర్వేషన్లు ఇంకెన్నాళ్లు, గుడి మెట్లు ఎవరెక్కవచ్చు? నలుగురిలో ఎత్తితే కొట్లాటకు దారితీసే సంగతులే ఏరుకుని, గంటలకొద్దీ ముఖాముఖి నడపాలని నా ఆశ. దుకాణం వెనక గదిలో నీలం తెర, రెండు లైట్లు, చొక్కాకు తగిలించే మైకు. అన్నీ అమర్చాను. వచ్చినవాళ్లు మాత్రం పావుగంటకే మంచినీళ్లు తాగి లేచిపోయేవారు.

మా పక్కింటి అక్క దగ్గర తెర లేదు, లైటు లేదు. మగ్గం గుంట పక్కన గోడకు ఫోను ఆనించి, ఆసు మీద నూలు పోసుకుంటూనే అడుగుతుంది. ఆమె ముందు కూర్చున్నవాళ్లు మూడు గంటలైనా లేవరు. ఏడుస్తారు, సర్కారును తిడతారు, సొంత కులాన్ని కూడా కడిగేస్తారు. చీరల అరల వెనక నక్కి, చెవుల్లో వైర్లు పెట్టుకుని, నేను ఒక్కటీ వదలకుండా చివరిదాకా చూసేవాణ్ణి. ఒక్కదానికీ లైకు కొట్టలేదు.

ఈ మంట ఇవాళ్టిది కాదు. అక్క సాలెవారి పిల్ల, నాకన్నా అయిదారేళ్లు పెద్దది. వాళ్ల నాయిన నేసిన తువాళ్లు మా దుకాణానికి మోసుకొచ్చేది. వచ్చినప్పుడల్లా మా అవ్వ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని కథలు చెప్పేది. నేను పోతే, "నువ్వు కతను గూడ బేరం జేస్తవురా, పో" అని తరిమేది. నిజమే. ఏడుగురు దొంగలని అవ్వ మొదలుపెడితే నలుగురు చాలని నేను అడ్డుపడేవాణ్ణి. దుకాణంలో పుట్టిన నోరు, ఏం చెప్పినా ముందు తగ్గించమనే అంటుంది.

మా దుకాణానికి రోడ్డు మీదికి నాలుగు మెట్లు. ఊరవతల వాడ నుంచి వచ్చేవాళ్లు ఆ మెట్లెక్కేవారు కాదు. కింద ఎండలో నిలబడేవారు. మా తాత పైనుంచే బట్ట ఆడించి చూపేవాడు. నచ్చితే చుట్టి కిందికి వేసేవాడు. విప్పి చూడటం, వేళ్ల మధ్య నలిపి చూడటం, మిగతా గిరాకీలు చేసేదేదీ వాళ్లకు లేదు. బేలు కట్టు విప్పేటప్పుడు కత్తి తగిలి గీటుపడ్డ బట్టలను తాత గీటు లోపలికి మడిచి ఒక మూలన వేరుగా పెట్టేవాడు. అవి ఎవరి కోసమో నేను అడగలేదు. దుకాణాల పిల్లలకు అలాంటివి అడగకుండానే తెలుస్తాయి.

ఒక ఎండాకాలం మొదట్లో, తాత సరుకు కోసం పట్నం పోయిన రోజున, వాడ నుంచి ఒకావిడ తెల్లచీర చంకన పెట్టుకుని వచ్చింది. కొంగు పట్టుకుని ఒక చిన్నపిల్ల. చర్చిలో చెల్లె పెండ్లికని కొన్నదట. ఇంటికి పోయి విప్పితే లోపలి మడతలో చినుగు.

గద్దె మీద నేనే ఉన్నాను. నా ప్రతాపం చూపే రోజు వచ్చిందనుకున్నాను.

"ఎంత చినిగిందేంది?"

"జానెడుంటది, చిన్న సేటూ."

"జానెడెక్కడిది? బెత్తెడుంటదేమో. కట్టుకుంటే కనబడదు తియ్యి."

ఆమె చీరను మళ్లీ చంకన పెట్టుకుంది. పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది. బేరం గెలిచానని, అప్పుడే వచ్చి నిలబడ్డ అక్క వైపు చూశాను. అక్క తువాళ్ల మూట అక్కడే పడేసి దిగిపోయి, ఆమెను చెయ్యి పట్టి ఆపి, అడుగు మెట్టు మీద కూర్చోబెట్టి తానూ పక్కన కూర్చుంది. అడిగిందేమీ లేదు. ఆమె ఆగినప్పుడల్లా, తర్వాతేమైందన్నట్టు, "అటెన్క?" అంటూ ఉంది. అంతే. చెల్లెకు తల్లి లేదని, ఆ చీర కోసం రెండు పంటకార్ల కూలి మిగిల్చిందని, చిరుగు చూసి పెండ్లికొడుకువాళ్లు అపశకునం అంటున్నారని, ఒక్కొక్కటే బయటికొచ్చాయి. లోపలి గదిలోంచి అవ్వ అంతా విన్నది.

అవ్వ బయటికొచ్చి అరలోంచి మరో తెల్లచీర తీసింది. మెట్ల మీదుగా కిందిదాకా పూర్తిగా పరిచింది. "ముట్టి జూడు బిడ్డా, ఈ కొసకెల్లి ఆ కొసదాక" అంది. ఆమె చెయ్యి చాలాసేపు గాలిలోనే ఉండి, తర్వాత చీర మీద వాలింది.

వాళ్లు పోయాక అవ్వ నా వైపు తిరిగింది.

"ఉగాదికి అంగీ గావాలంటివి గదరా? దిగు."

"యాడికి?"

"ఆమె నిలబడ్డ జాగకు. బేరం జేసి కొనుక్కో. నీకు బాగొస్తది గద."

అక్క ముందు నా పనితనం చూపొచ్చని ఉత్సాహంగా దిగాను. కాళ్లకు చెప్పుల్లేవు, నేల పెనంలా ఉంది. అవ్వ నీడలోంచి నీలం గుడ్డ ఒకటి ఆడించింది.

"దగ్గరికి తే అవ్వా, ముట్టి జూస్త."

"ముట్టుడు లేదు. ఆడికెల్లే జూడు. కావాల్నా, వద్దా?"

కాళ్లు కాలుతుంటే నోటికొచ్చిన ధర చెప్పాను. అవ్వ మారుమాటాడకుండా ఒప్పుకుంది. ఎదుటివాడు అంత సులువుగా ఒప్పుకుంటే అనుమానించాలని తెలిసినవాణ్ణే, ఆరోజు మాత్రం మురిసిపోయాను. దర్జీ అంగీ కుట్టి తెచ్చేసరికి రొమ్ము మీద అడ్డంగా కత్తిగీటు! అది మూలన పెట్టిన గుడ్డ. నేను లబలబలాడుతుంటే అవ్వ అంది: "జానెడా, బెత్తెడా? తొడుక్కుంటే కనబడదు తియ్యి."

ఉగాది నాడు ఆ అంగీతోనే బజారులో తిరిగాను. అవ్వ అక్కకు మంచి గుడ్డలోంచి రవికె ముక్క చింపి ఇచ్చింది, గల్లా పక్కన నా చోటులో కూర్చోబెట్టుకుంది. చిల్లు కన్నా ఆ రవికె ముక్కే నన్ను ఎక్కువ కాల్చింది. తాత వచ్చాక మళ్లీ మెట్లూ అవే, మూలా అదే. అవ్వ ధైర్యం తాత ఊళ్లో లేని రోజులకే సరిపోయేది.

ఇప్పుడు నా ఘనకార్యానికి వస్తాను. ఆనాడు కొంగు పట్టుకున్న చిన్నపిల్ల టీచరై రిటైరయింది. ఆమెను నేనే పిలిచాను. ఒకప్పుడు అంటరానితనం ఎలా ఉండేదో, ఇప్పుడెంత మారిందో మా దుకాణంలోనే కూర్చుని చెబితే నా చానల్ నిలబడుతుందని లెక్క వేశాను. లైవ్ పెట్టాను. టీచరమ్మ మెట్లెక్కి వచ్చింది, కూర్చుంది, మొదలుపెట్టింది.

"గీ మెట్ల కింద మా అమ్మ, నేను పొద్దుందాక నిలబడెటోళ్లం..."

"పొద్దుందాక ఎక్కడిదమ్మా, గడియసేపుంటదేమో!"

నా నోరే అంది. ఆమె కొంగుకు తగిలించిన మైకు తీసి మెల్లగా బల్ల మీద పెట్టింది.

"గడియసేపే రాసుకోండి సార్."

అంతే, మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ తర్వాతి వారమే టీచరమ్మ, అక్క మగ్గం పక్కన కూర్చుని మూడు గంటలు మాట్లాడింది. మెట్ల గురించి, చీర గురించి, ఇప్పటికీ పేరు అడిగి ఇల్లు కిరాయికివ్వని పట్నం గురించి. నా పేరు ఎత్తలేదు. చివర్లో అక్క "అటెన్క?" అంటే, ఆమె నవ్వింది.

"అటెన్క ఉగాది నాడు సేటు మనవడు చిల్లు అంగీ దొడుక్కొని బజార్ల తిరిగిండు. మా అమ్మ జూసి, ఇంటికొచ్చి కడుపు పట్టుకొని నవ్వింది. 'వానికి గూడ మన గుడ్డనే అమ్మిన్రు బిడ్డా' అన్నది. మా అమ్మ అట్ల నవ్వంగ మళ్ల జూడలే."

నాలుగు రోజుల తర్వాత అక్క వాకిట్లోకి వెళ్లాను. ఆమె తలెత్తకుండానే అడిగింది.

"జూసినవారా?"

"ఏదో, జరంత."

"జరంతనా?"

"మొత్తం. నాలుగుసార్లు."

"అటెన్క?"

అక్క ఆసు ఆపింది. నేను వాళ్లింటి అడుగు మెట్టు మీద కూర్చున్నాను.

లెక్క ఇది. ఆ మూడు గంటలు ముందు నా గడపకే వచ్చాయి, వాటిలో ఆ నవ్వు కూడా ఉంది. ఒక్కమాట తగ్గించబోయి అన్నీ వదులుకున్నాను. అక్క మీద మంట తగ్గిందా అంటే, ఒక్క వీసమూ తగ్గలేదు. ఎవరైనా "పొద్దుందాక" అన్నప్పుడు మాత్రం ఈ రొమ్ము మీద ఒకచోట గాలి తగులుతుంది. జానెడు. బెత్తెడు కాదు.