సామ్రాజ్యం అత్త కాపలా కాసిన ఐదు సెంట్ల గడ్డి

నిన్న పొద్దున ఆఫీసుకి బయల్దేరి తెనాలి బస్టాండ్‌లో నిలబడి ఉన్నాను. ఫోన్ మోగింది.

"శిరీషక్కా, అమ్మ పోయిందక్కా."

ఎవరండీ అని అడిగాను. నాగమణి గొంతు గుర్తుపట్టలేదు. నాలుగేళ్ళుగా ఒక్క ఫోన్ కూడా చెయ్యని దాన్ని, ఎలా గుర్తుపడతాను?

సామ్రాజ్యం అత్త.

పొద్దున్నే గొర్రెల్ని బయటికి వదలబోతూ దొడ్డి దగ్గరే కూలబడిపోయిందట. ఆటో వచ్చేలోపే అంతా అయిపోయిందట.

ఆఫీసుకి లీవ్ చెప్పి రేపల్లె రైలెక్కాను.

ఇక్కడ నా ఫ్రెండ్స్‌లో చాలామందికి ఆవిడ తెలీదు. తెలియాలి. అందుకే రాస్తున్నాను.

బాపట్లలో డిగ్రీ ఫైనలియర్‌లో నాకు నాలుగు క్రెడిట్లు తక్కువయ్యాయి. టైఫాయిడ్ వచ్చి సగం సెమిస్టర్ మంచం మీదే గడిచిపోయింది. ఆ నాలుగూ రాకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే ఇంట్లో చదువు మాన్పించేస్తారు.

మా సార్ ఒక దారి చూపించారు. మేత భూముల మీద ఇంటర్న్‌షిప్. గొర్రెలు మేసే నేల ఒకటి, పక్కనే ఏదీ మేయని నేల ఒకటి. రెంటిలో గడ్డి ఎలా పెరుగుతుందో నాలుగు నెలలు కొలిచి రిపోర్ట్ ఇవ్వాలి.

రేపల్లె దాటాక కాలవ చివర ఒక బీడు దొరికింది. అందులో ముప్పై గొర్రెలు. వాటి వెనక తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో కర్రతో సామ్రాజ్యం అత్త.

గడ్డి కొలవడానికొచ్చానని చెప్తే పడీపడీ నవ్వింది.

"ఏంటీ, గడ్డికి డిగ్రీ ఇస్తారా? అయితే మా గొర్రెలన్నీ ఎప్పుడో పాసైపోవాల్సిందే అమ్మాయ్!"

ఐదు సెంట్లు కొలిచి, నాలుగు మూలలా కర్రలు పాతి, ఎర్ర నైలాన్ తాడు కట్టాను. కంచె వెయ్యడానికి నాకు స్థోమత లేదు. "అత్తా, నేను చెప్పేదాకా ఇందులోకి ఒక్క గొర్రెని కూడా రానివ్వొద్దు" అన్నాను.

"సరేలే. నువ్వు చెప్పేదాకా రానివ్వను" అంది.

నాకు గరికకీ తుంగకీ తేడా నేర్పింది ఆవిడే. నేను పుస్తకం తెరిచేలోపు వేళ్ళతో నలిపి, వాసన చూసి చెప్పేసేది. మధ్యాహ్నం తన సద్దన్నంలో సగం నా బాక్సు మూతలో పెట్టేది. వద్దంటే తిట్టేది.

మే నెల వచ్చేసరికి బీడంతా ఎండిపోయింది. తాడు లోపల మాత్రం మోకాలెత్తు గడ్డి. గొర్రెలు తాడు దగ్గర నిలబడి అరుస్తున్నాయి. డొక్కలు లోపలికి పోయాయి. చూడలేక నేనే అన్నాను, "పోనీలే అత్తా, సగం మేపేయ్, ఏదో ఒకటి రాసుకుంటాను" అని.

ఎంత కోపమొచ్చిందో ఆవిడకి!

"నోర్ముయ్యవే. నీ చదువు అందులో ఉంది. గొర్రెలకేం, ఇంకో రెండు మైళ్ళు నడుస్తాయి. వాటితో పాటు నేనూ నడుస్తాను."

నడిచింది. ఆ ఎండలో, ఆ మోకాళ్ళ నొప్పులతో, ఆ నెలంతా.

నాకు నాలుగు క్రెడిట్లూ వచ్చాయి. డిగ్రీ వచ్చింది. ఈ ఉద్యోగం కూడా ఆ డిగ్రీతోనే వచ్చింది.

ఆఖరిసారి కొలవడానికి వెళ్ళిన రోజు అత్త మందతో ఎక్కడో దూరంగా ఉంది. రైలు టైమైపోతోంది. మళ్ళీ వచ్చి స్వీట్లు పెట్టి చెప్దాంలే అనుకున్నాను.

మళ్ళీ వెళ్ళలేదు. ఉద్యోగం, పెళ్ళి, పిల్లాడు. సాకులకేం, కావలసినన్ని ఉంటాయి.

నిన్న మధ్యాహ్నం అత్తని తీసుకెళ్ళిపోయాక, ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన నాగమణి నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"అక్కా, పొద్దుట్నుంచీ గొర్రెలు దొడ్లోనే ఉన్నాయి. దూరం తోలుకెళ్ళే మనిషి లేరు. నీ గడ్డి ఇంక మేపుకోవచ్చా?"

ఏ గడ్డి అన్నాను.

"అదే, నువ్వు తాడు కట్టిన గడ్డి. అమ్మ ఇన్నేళ్ళూ ఒక్కదాన్నీ రానివ్వలేదు. నీకు ఫోన్ చేసి అడుగుదామంటే వద్దనేది. ఆ పిల్లే చెప్తానంది, చెప్తుందిలే అనేది."

మేపుకోండి అని లేచాను.

పక్కింటాయన మందని తోలుకొస్తుంటే వెనకాలే వెళ్ళాను. నా తాడు ఎప్పుడో చీకిపోయినట్టుంది. దాని బదులు పాత చీర పీలికలు ముడేసి కట్టి ఉన్నాయి. కర్రలు కూడా నేను పాతినవి కావు, ఈమధ్యే మార్చినవి.

అన్నీ నా చేతులతోనే పీకేశాను. పీలికలు విప్పి బ్యాగులో పెట్టుకున్నాను.

గొర్రెలు లోపలికి రాలేదు.

ఆకలి మీదున్న ముప్పై గొర్రెలు, ఎదురుగా పచ్చటి గడ్డి. తాడున్న చోటుకి రాగానే చీలిపోయి, రెండు పక్కల నుంచీ చుట్టు తిరిగి వెళ్ళిపోయాయి. "ఆవిడ అలవాటు చేసిందమ్మా. ఒక్కరోజులో మానతాయా?" అన్నాడు పక్కింటాయన.

నేను లోపలికి వెళ్ళి గడ్డి కోసి, పిడికిళ్ళతో బయటికి తెచ్చి పెట్టాను. అప్పుడు తిన్నాయి. పొద్దుగూకేదాకా అలాగే కోసి పెట్టాను. వేళ్ళన్నీ కోసుకుపోయాయి. ఈ పోస్ట్ టైప్ చేస్తుంటే ఇంకా మండుతున్నాయి. మండనీ.

అత్తా, నేను పాసయ్యాను. నాలుగేళ్ళయింది. చెప్పాల్సింది, చెప్పలేదు. నన్ను క్షమించు.

ఇంక కాపలా చాలత్తా. ఎండ తగలని చోట కాళ్ళు చాపుకుని హాయిగా పడుకో.