మెళ్ళో కత్తెర, నోట్లో దారం

మా అక్కకు నలభై మూడో ఏట పళ్ళకు క్లిప్పులు వేశారు. అవి ఆమె నోట్లో ఉన్నది పద్దెనిమిది నెలలు. నా ప్రాణం తోడేసిందీ అన్ని నెలలే.

మేమిద్దరం టైలర్లం. చిన్న కొట్టు, పక్కపక్కనే రెండు మిషన్లు, మధ్యలో బల్ల. స్కూలు యూనిఫారాలు మా ప్రధానమైన పని. అక్క కుడుతుంది, నేను కాజాలు, గుండీలు, ఇస్త్రీ చూస్తాను. అక్క కుట్టుకు వంక పెట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదు. వంకంతా ఆమె పళ్ళలోనే ఉండేది. ముప్ఫై ఏళ్ళుగా దారం పంటితోనే కొరుకుతోంది మరి. గుండుసూదులకు పెదాలే డబ్బా. "గుడ్డ మీంచి చెయ్యి లేస్తే కుట్టు వంకరపోతుంది, కత్తెర కోసం వెతక్కండి" అని మా అమ్మ నేర్పింది. అమ్మ పోయి పదేళ్ళయింది, ఆ మాట మాత్రం పోలేదు.

పై పళ్ళు ముందుకొచ్చేశాయి. దారం కొరికే ఆ ముందరి పన్నైతే చిగురు వదిలి కదలడం మొదలైంది. నవ్వొస్తే అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. పోను పోను నవ్వడమే మానేసింది. అది చూడలేక నేనే పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను.

"ముందు చిగుళ్ళు బాగు చేస్తాను. తర్వాత క్లిప్పులు వేద్దాం. ఇలాగే వదిలేస్తే రెండేళ్ళలో ఈ పన్ను ఊడిపోతుంది" అంది డాక్టరమ్మ.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా డాక్టరుగారూ?" అంది అక్క, తప్పించుకోవచ్చన్న ఆశతో.

"పన్ను మాను కాదమ్మా. ఏ వయసులోనైనా జరుగుతుంది. కాస్త నెమ్మదిగా జరుగుతుంది, అంతే."

చిగుళ్ళు కుదుటపడ్డాక, దవడ పళ్ళ మధ్య చోటు కోసం చిన్న రబ్బరు రింగులు దూర్చారు. వారం తర్వాత పంటి పంటికీ ఓ బిళ్ళ అంటించి, వాటి గుండా తీగ లాగారు. అంటించేటప్పుడు నొప్పి లేదు. "ఇంతేనా!" అని అక్క వీధంతా చెప్పింది. సాయంత్రానికి మొదలైంది అసలు కథ. నాలుగు రోజులు అన్నం మెత్తగా పిసికి పెట్టినా రాయి నమిలినట్టు మొహం పెట్టింది. తీగ కొస బుగ్గలో గుచ్చుకుంటే డాక్టరమ్మ ఇచ్చిన మైనం ముద్ద దాని మీద అద్దాలి. అక్క అద్దుకోదు, నేనే అద్దాలి. తిన్న ప్రతిసారీ బుల్లి బ్రష్షుతో సందుసందునా తోముకోవాలి. తను అద్దం ముందు అరగంట నిలబడితే, కొట్లో జనాలకు సమాధానం చెప్పేది నేను. నెలకోసారి తీగ బిగిస్తారు, మళ్ళీ మూడు రోజులు మెత్తటి అన్నం, మళ్ళీ నా మీద విసుగు.

ఇవన్నీ భరించాను. భరించలేనిది దారం. డాక్టరమ్మ మొదటి రోజే వేలు చూపించి మరీ చెప్పింది, గట్టివి కొరకొద్దని, దారం అసలే వద్దని. నేను చిన్న దారపు కత్తెరకు ఎర్ర రిబ్బను కట్టి అక్క మెళ్ళో వేశాను. వారం తిరక్కుండా బిళ్ళ ఊడింది. అంటించారు. నెలన్నరకు మళ్ళీ ఊడింది. అంటించారు. అడిగితే, "నేనెక్కడ కొరికానే? నోరే కొరికింది" అంటుంది. చెప్పి చెప్పి నా తలప్రాణం తోకకొచ్చింది.

మూడోసారి ఊడినప్పుడు డాక్టరమ్మ నవ్వలేదు. "అమ్మా, ఊడిన ప్రతిసారీ ఆ పన్ను మళ్ళీ ముందుకొచ్చేస్తోంది. అసలే బలహీనమైన పన్ను, ఇలా అటూ ఇటూ తిప్పితే నిలవదు. ఇంకోసారి ఊడితే క్లిప్పులు తీసేసి, ఆ పన్ను పీకేస్తాను."

తిరిగొస్తుంటే ఇంటి మలుపు దగ్గర అక్క, "పోతే పోనీవే. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం" అంది. అంటూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది.

బడులు తెరిచే వారం. ఎనభై చొక్కాలు కత్తిరించి ఉన్నాయి. అక్క కాలు మిషను మీద పరుగెడుతోంది. కాలరు కుట్టడం అయింది, తల వంగింది, పెదాలు తెరుచుకున్నాయి. ఆ ముందు పన్ను దారానికి అంగుళం దూరంలో ఉంది.

"అక్కా!"

నా కేకకు బల్ల మీద గుండీల డబ్బా దొర్లిపోయింది. చొక్కా లాక్కున్నాను. ఆ కోపంలో, ఆ కంగారులో దారం పటుక్కున నేనే కొరికి చొక్కా ఆమె ఒళ్ళోకి విసిరేశాను.

"కొరకాల్సి వస్తే ఇటు తొయ్యి! నీ పన్ను జోలికెళ్ళావంటే ఊరుకోను."

అక్క నిజంగానే తోసింది. ఆ వారం ఎనభై చొక్కాలూ, ఆ తర్వాత ఏడాదిపాటు కొట్లో కుట్టిన ప్రతి గుడ్డా. తను కుట్టి ఇటు జరిపేది, నేను కొరికి అటు జరిపేదాన్ని. బిళ్ళ మళ్ళీ ఊడలేదు. మెళ్ళో ఎర్ర రిబ్బను మాత్రం అలాగే ఊగుతుండేది.

క్లిప్పులు తీసేసిన రోజు డాక్టరమ్మ ఆ ముందు పన్నును రెండు వేళ్ళతో పట్టి కదిపి చూసింది. కదల్లేదు. అద్దం చేతికిచ్చింది. రాత్రిళ్ళు పెట్టుకోవడానికి ప్లాస్టిక్ రిటైనర్ ఒకటిచ్చి, మానేస్తే పళ్ళు మళ్ళీ పాత చోటికే పోతాయని రెండుసార్లు చెప్పింది. అక్క ఒక్క ముక్కా విన్నట్టు లేదు. అద్దంలో చూసుకుని నవ్వింది. చెయ్యి పైకి లేవలేదు, ఒళ్ళోనే ఉంది. ఏళ్ళ తర్వాత మా అక్క నవ్వు మొత్తం చూశాను. సంతోషం పట్టలేక నేనూ పకపకా నవ్వేశాను.

డాక్టరమ్మ నా వంక తిరిగింది. నవ్వుతున్న నా నోటి దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

"మీరొకసారి ఈ కుర్చీలో కూర్చోండి. ఆ ముందు పన్ను అంచు అలా అరిగి గాడి పడిందేంటి?"

నేను నోరు మూసుకున్నాను. నాకు తెలియకుండానే చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది.

"దారం కొరుకుతుందండీ. కత్తెర వాడవే అంటే వింటేగా" అంది అక్క.

అక్క లేచి నా దగ్గరికొచ్చి, తన మెళ్ళోని ఎర్ర రిబ్బను తీసి నా మెళ్ళో వేసింది. పద్దెనిమిది నెలల్లో ఒక్కసారి కూడా వాడని కత్తెర. పదును అలాగే ఉంది.