తాళాలాయన నంబరు

బజారులో సగం షట్టర్ల మీద ఆ నంబరే ఉండేది. తాళాలాయన స్వయంగా అచ్చురేకు ఆనించి, నల్లరంగు పులిమి వేసుకున్నది. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్లు గోడవైపు చూసి ఫోన్ చేసేవారు. మనిషి పేరు ఎవరికీ పట్టేది కాదు. "ఈ నంబరే నా కొట్టు, నా కూడు" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాడు, ఎవరు వింటున్నారో చూసుకోకుండా.

ఆ నంబరు మాత్రం బావమరిది పేరున ఉంది. ఆకురాయి పట్టీ పట్టీ ఈయన వేలిముద్రలు అరిగిపోయాయి. సిమ్ తీసుకున్నరోజు ఎంత నొక్కినా మిషన్ ఒప్పుకోలేదు. పక్కనే పని నేర్చుకుంటున్న బావమరిది "నా వేలు పెడతాలే బావా" అన్నాడు. మనవాడే కదా అని ఈయన పొంగిపోయాడు. మనవాళ్లు ముంచినంత నున్నగా బయటివాళ్లు ముంచగలరా?

కొన్నేళ్లకు సిగ్నల్ సతాయించడం మొదలుపెట్టింది. సెల్లార్లో పనిచేస్తుంటే ఒక్క ఫోనూ వచ్చేది కాదు.

"కంపెనీ మార్చేద్దాం బావా. నంబరు ఇదే ఉంటుంది."

"గోడలన్నీ మళ్లీ రాయక్కర్లేదా?"

"ఒక్క అంకె మారితే నన్నడుగు."

అది నిజమే. ఈయన ఫోన్లోంచి పోర్ట్ అని మెసేజ్ పంపితే కోడ్ వచ్చింది. కళ్లజోడు సవరించుకుని ఈయనే గట్టిగా చదివి వినిపించాడు. "సరిగ్గా రాసుకున్నావా?" అని కూడా అడిగాడు, పిచ్చిమారాజు. బావమరిది కొత్త కంపెనీ కొట్టుకెళ్లి కోడ్ చెప్పి, వేలుపెట్టి, కొత్త సిమ్ తెచ్చాడు. "పాతది ఆగిపోయాక ఇది పనిచేస్తుంది. అప్పుడు నీ ఫోన్లో వేస్తా" అని జేబులో దోపుకున్నాడు.

ఒకరోజు పొద్దున్నే ఫోన్ మూగబోయింది. "మారిపోయిందే!" అని భార్యకు చూపించి మురిసిపోయాడు. ఆరోజు బావమరిది రాలేదు. మర్నాడూ రాలేదు. ఈయన కొత్త కంపెనీ కొట్టుకు పరుగెత్తాడు.

"ఎవరి పేరున ఉంటే నంబరు వాళ్లదే అంకుల్. మారేది కంపెనీ ఒక్కటే" అంది కౌంటర్లో అమ్మాయి.

"గోడల మీద రాసుకున్నది నేనమ్మా!"

"గోడలతో మాకేం పని?" అని ఆ అమ్మాయి వెనకాయన్ని పిలిచింది.

ఇంటికొచ్చి, పక్కింటాయన ఫోన్ అడిగి తన నంబరే నొక్కాడు. బూతులన్నీ నాలుక చివర ఉన్నాయి.

"తాళాలాయన్నే మాట్లాడుతున్నా, చెప్పండి."

బూతులన్నీ ఎండిపోయాయి. "నేనురా" అన్నాడు పీలగా.

"బావా! మంచి టైముకి చేశావ్. ఇక్కడో ఇనప్పెట్టె నాకు లొంగి చావట్లేదు. వచ్చి తీసిపెట్టు, కూలి ఇస్తాలే. పార్టీ ముందు మాత్రం నా కింద పనోడిలా ఉండు."

గుమ్మంలోంచి భార్య చూస్తోంది. ఎంతైనా తమ్ముడు. పొయ్యిమీదికి ఆ పూటకేమీ లేదు. ఈయన ఆమె మొహం చూడలేకపోయాడు.

"ఎటు రమ్మంటావు?" అన్నాడు.