హకీం సాబ్ మందు, పెద్దనాన్న మీగడ

నా చిన్నప్పుడు పురానాపూల్ దగ్గర మా పెద్దనాన్నకు పాల దుకాణం ఉండేది. కాగిన పాల మీది మొదటి మీగడ యజమాని నోట్లో పడాలని, లేకుంటే బేరం సాగదని మా ఇంట్లో పట్టింపు. ఆ మీగడతోనే ఆయన ఒళ్లు పెరిగింది. కాలేయానికి కొవ్వు పట్టిందని, ఇలాగే తింటే బతకడం కష్టమని పెద్దాసుపత్రిలో చెప్పారు.

హుస్సేనీ ఆలంలో వైద్యం చేసే హకీం సాబ్ ఆయన చిన్ననాటి స్నేహితుడు. కాసని అనే మందుమొక్క ఆకుల నుంచి తీసిన అర్కు సీసాలో పోసి ఇచ్చి, మలాయి బంద్ చేయాలన్నాడు. పెద్దనాన్న సీసా మాత్రం పుచ్చుకున్నాడు. లోపల మందు కాపలా ఉందన్న ధైర్యంతో మీగడ మునుపటికంటే ఎక్కువే తిన్నాడు. అర్కు చేదు పోవడానికని పెద్దమ్మే గిన్నెడు మీగడ అందించేది.

ఒక పొద్దున హకీం సాబ్ దుకాణానికి వచ్చి ఇది చూశాడు. గిన్నెలో నెయ్యి ముద్ద వేసి, దాని మీద అర్కు పోశాడు.

"కరిగిందా భాయ్?"

"సల్లగున్నది గద సాబ్. కాగబెడితే కరుగుతది," అని పెద్దనాన్న నవ్వాడు. నేనూ నవ్వాను.

"మరి నిన్ను గూడ పొయ్యి మీద పెడ్దామా? గీ ఆకురసం నీ కాలేయం గోడకు మరమ్మతు జేస్తది. నువ్వు దినాం గడ్డపార వట్టి గదే గోడ తవ్వుతున్నవ్."

ఎండాకాలం రాకముందే పెద్దనాన్న కళ్లు పచ్చబడ్డాయి. పొట్ట నీళ్లతో ఉబ్బింది. శవం ఇంకా వాకిట్లో ఉండగానే మా నాన్న హకీం సాబ్ మీదికి వెళ్లాడు. "నీ కషాయమే మా అన్నను మింగింది!" అని గల్లీ అంతా వినేలా అరిచాడు. హకీం సాబ్ పెద్దమ్మ వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. ఆయన నిజం చెబితే మీగడ పెట్టిన చెయ్యి ఎవరిదో కూడా చెప్పాల్సి వచ్చేది. "మాఫ్ చెయ్యిరి," అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన దగ్గరికి రోగులు రావడం మానేశారు. దవాఖానా మూతపడింది.

ఇప్పుడు నా కాలేయానికీ కొవ్వు పట్టింది. కాలేయ కణాలను ఆ కొవ్వు దెబ్బతీస్తుందట. కొన్ని మొక్కల సారాలు వాటిని కాపాడగలవేమోనని పరిశోధనలు జరుగుతున్నాయట. కానీ తిండి మారకుండా ఆ సారాలనే నమ్ముకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. వింటుంటే హకీం సాబే ఎదురుగా కూర్చున్నట్టనిపించింది.

మా బంధువులకు ఆయన ఇప్పటికీ మందు పెట్టి చంపినవాడే. ఇన్నేళ్లూ నేనూ ఆ మాటకు తలూపాను. పెద్దమ్మ కోసమని సర్దిచెప్పుకున్నాను. ఆమె పోయి చాలాకాలమైనా నేను నోరు విప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను: ఆయన మందు మా పెద్దనాన్నను చంపలేదు.

ఎవరైనా నింద మోస్తూ నోరెత్తకుండా నిలబడితే, ఆ మనిషి తన వెనుక ఎవరిని దాచి కాపాడుతున్నాడోనని నా కళ్లు ఈనాటికీ వెతుకుతాయి.