పందిని మృగమని రాసినందుకు

నాకు కోపం వస్తే ముందుగ నా బీపీ గోలీకి తెలుస్తది, తర్వాత నా భార్యకు, అందరికన్న ఆఖరికి నేను కోపం చేయాల్సిన మనిషికి. ముప్పై ఏండ్లు తెలుగు పంతులుగ చేసిన. బెత్తం పట్టుకుంటే పిల్లలు నవ్వేటోళ్ళు. గసొంటి నాకు పోయిన ఎండకాలం ముందర వచ్చిన కోపం ఇప్పటిదాక దిగలే. డాక్టరు గోలీ మార్చిండు. కోపం మారలే.

మా చెలక ఆర్మూర్ నుంచి భీమ్‌గల్ పోయే తొవ్వకు పడమటి దిక్కున ఉంటది. మూడెకరాలు. సగం పసుపు, సగం మక్క. మా చెలక ఒడ్డుకు ఆనుకొని రెండెకరాలు ఒకాయన కౌలుకు చేస్తడు. ఏడో తరగతిల నా దగ్గరనే కూసున్నోడు. నేను సంధులు చెప్తుంటే కిటికీల నుంచి లారీలు లెక్కపెట్టేటోడు. రెండుసార్లు గల్ఫ్ పోయి వచ్చిండు, మూడోసారి పిలుపు కోసం చూస్తుండె. పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర ఉన్నది. ఆయన భార్య బీడీలు చుడుతది. వాళ్ళ ఇంట్ల ఫోను మోగితే ముగ్గురు లేస్తరు: ఆయన, ఆమె, పండుకున్న ముసలవ్వ.

గా యాసంగిల అడవి పందులు మమ్ముల ఆగం పట్టించినయ్. గుట్టల మీది నుంచి మందకు మంద దిగి, కంకి పట్టిన మక్కను సాళ్ళకు సాళ్ళు పండబెట్టిపోతుండె. చుట్టూ పాత చీరెలు కట్టినం. మైకుల కుక్క అరుపులు పెట్టినం. మూడో దినానికి పందులు గా అరుపులకు అలవాటు పడ్డయ్. మా వాడకుక్కలకే నిద్ర పట్టలే.

పందులను కొట్టెతందుకు తుపాకీ లైసెన్సు ఉన్నోళ్ళను పంచాయతీ పిలిపిస్తదని తెలిసి, ఆయన నా దగ్గరకు వచ్చిండు.

"సారూ, ఒక దరఖాస్తు రాయుండ్రి. పందులతోని చచ్చిపోతున్నమని సాఫ్ రాయుండ్రి."

ఊర్ల ఎవరి దరఖాస్తు అయినా నేనే రాస్త. నా చేతిరాత ఆఫీసుల బీరువాలల్ల నాకన్న ఎక్కువ తిరిగింది. కలం మూత తీసిన. 'గౌరవనీయులైన' దగ్గర మొదలుపెట్టి మంచిగ నడుస్తున్న. పంది దగ్గరకు వచ్చి ఆగిన.

"గౌరవనీయులైన అని పెట్టి, గదే పేజీల పంది అని రాస్తే ఏం బాగుంటది తమ్మీ?"

"పందిని పంది అనకపోతే ఏమంటం సారూ?"

"ఆగు" అని, 'మా పంటలను ధ్వంసం చేయుచున్న మృగములను నిర్మూలించుటకు' అని రాసిన. రాసి, చదివి వినిపించిన. నాకే మస్తు నచ్చింది.

ఆయన జర సేపు కాగితం దిక్కు చూసిండు. "గిండ్ల పంది ఏడున్నది సారూ?"

"మృగములంటే గవే."

"మీరు పంతులు గదా, మీకు తెల్వదా" అని సంతకం పెట్టిండు. ఎక్కువ నష్టం ఆయనదే కాబట్టి దరఖాస్తు ఆయన పేరు మీద పోయింది. పంచాయతీల నేను రాసిన వాక్యాన్నే కామాతో సహా దించి, అనుమతి కాగితం టైపు చేసి, ముద్ర కొట్టిన్రు. సర్పంచ్ సాబ్ ముద్ర కొట్టేటప్పుడు చదవడు. చదివేటప్పుడు ముద్ర కొట్టడు.

నాలుగు రోజులకు జీపు వచ్చింది. దిగినాయనకు నలభై ఏండ్లు ఉంటయ్. సర్పంచ్‌కు ఎవరో తెలిసినోళ్ళకు తెలిసినాయన, హైదరాబాద్ నుంచి. ఒంటి నిండ ఆకుల బొమ్మల బట్టలు. మా దగ్గర గా నెలల అన్ని చెట్లు ఎండిపోయి ఉంటయ్. పచ్చగ కనిపించింది ఆయన ఒక్కడే. పెట్టె తెరిచి తుపాకీ తీసిండు. దాని మీద దుర్బీను, దుర్బీనుకు ఫోను, కింద రెండు కాళ్ళు. ఇంకో చిన్న డబ్బా కంటికి పెట్టుకుంటే ఎంత దూరమో అంకెల్ల చూపిస్తదట.

"అంకుల్, దీంతో ఎంత దూరం కొట్టొచ్చో తెలుసా?" అని నన్ను అడిగిండు.

"మాకు దూరం అక్కర లేదు నాయనా, మక్కల్ల కొడితే సాలు" అన్న. ఆయన నవ్విండు. నేనేదో జోక్ చెప్పిన అనుకున్నడు. నేను చాన జోకులు చెప్త, గది మాత్రం జోక్ కాదు.

తెల్లారుజామున ముగ్గురం బండ మీద కూసున్నం: ఆయన, నేను, కౌలుకు చేసేటాయన. వెలుతురు వచ్చేసరికి పందులు రానే వచ్చినయ్. పెద్దయి నాలుగు, పిల్లలు అన్ని కలిసి పదికి తక్కువ లేవు. మాకు ముందరనే, రాయి ఇసిరితే తలిగేంత దగ్గర మక్కల్ల చొచ్చినయ్. కంకులు విరుగుతున్న చప్పుడు వినబడుతున్నది.

"కొట్టుండ్రి అన్నా, కొట్టుండ్రి" అన్నడు మా కౌలాయన గుసగుసగ.

ఆకుల బట్టలాయన కదలలే. "ఇంత దగ్గర కొడితే మజా ఏముంది?" అన్నడు.

మజా! ఆ మాట నా చెవిల ఇప్పటికీ కంకి విరిగినట్టు వినబడుతది. మాకు బతుకుదెరువు, ఆయనకు మజా. పందులు కడుపు నిండ తిని గుట్ట దిక్కు పోయినయ్. మా కౌలాయన లేచి అదిలించిండు, తువ్వాల ఊపుకుంట. తుపాకీ పక్కన పెట్టుకొని తువ్వాలతోని పందులను కొట్టిన ఊరు మాదొక్కటే అయ్యుంటది.

గప్పుడు ఆకుల బట్టలాయన డబ్బా కంటికి పెట్టి పడమర దిక్కు తిప్పిండు. గటు పసుపు తవ్వేసిన చెలకలు. గుట్ట అంచు దాక ఒక్క చెట్టు లేదు, అంత బయలు. గా బయల్ల దూరంగ నాలుగు జింకలు మేస్తున్నయ్. కంటికి నాలుగు మట్టిపెడ్డల లెక్క ఉన్నయ్.

"నాలుగు వందల ఎనభై మీటర్లు" అన్నడు. బోర్ల పండుకున్నడు. ఫోన్ల వీడియో నొక్కిండు.

నేను ఇంకా గా జింకల ఎనుక ఎక్కడనో పంది ఉన్నదనే అనుకుంటున్న. నమ్ముండ్రి, నా తెలివి గంత దూరమే. చప్పుడైంది. చెవులు గుయ్యిమన్నయ్. అక్కడ అరక్షణం ఏం కాలే. తర్వాత నాలుగిట్ల ఒకటి నడుము కాడ కూలబడ్డది. మిగిలిన మూడు ఎగురుకుంట పోయినయ్. పడ్డది మళ్ళ లేచింది, ఎనుక కాళ్ళు ఈడ్చుకుంట మా దిక్కే, మనుషుల దిక్కే వచ్చింది. వచ్చి వచ్చి కౌలు చేను ఒడ్డు మీద పడ్డది.

మా కౌలాయన ఉరికిండు. నేను పోయేసరికి దాని తల ఒళ్ళె పెట్టుకొని, సీసల నీళ్ళు మూతి మీద పోస్తున్నడు. ఆడ జింక. నీళ్ళు ముట్టలే. కండ్లు తెరిచే ఉన్నయ్, పానం పోయింది. ఆయన చేతులు, అంగి, అంత నెత్తురు.

నాకు ఏం చేయాల్నో తోచక ఇంటికి ఫోను చేసిన. "జింకను కొట్టిండు, జింకను!" అని మొత్తుకున్న.

మా ఆమె శాంతంగ, "జింకు మందు ఇప్పుడెందుకు కొట్టిండు, కంకి పట్టినంక? యూరియా చల్లుమనకపోయినవా" అన్నది. మా ఇంట్ల కొట్టుడంటే మందు కొట్టుడే. ఇంకొక రోజయితే నవ్వుదును.

ఆకుల బట్టలాయన నిమ్మళంగ నడుచుకుంట వచ్చిండు. జింక పక్కన మోకాలి మీద కూసొని ఫొటో దిగిండు.

"పందులను కొట్టుమంటే జింకను కొడుతవా? నీకు కండ్లున్నయా?" అన్న. కోపంల నా గొంతు ఎప్పటిలెక్కనే సన్నగ వచ్చింది.

ఆయన జేబుల నుంచి అనుమతి కాగితం తీసి మడత ఇప్పిండు. "ఇందులో పంది ఎక్కడుంది అంకుల్? మృగములు అని ఉంది. మృగం అంటే జింకే కదా? స్కూల్లో మా తెలుగు టీచరే చెప్పింది."

గా టీచరమ్మ తప్పు చెప్పలే. నేను కూడ గదే చెప్పిన, ముప్పై ఏండ్లు. మృగనయన అంటే జింక కండ్లున్నామె, పంది కండ్లున్నామె కాదు అని చెప్తే క్లాసు క్లాసంత నవ్వేది. ఆయన నా నంబరు అడిగి, "వీడియో పంపిస్తా, చూడండి, ఏం షాట్ అంకుల్" అని, జీపెక్కి పోయిండు. జింకను ఎత్తుకపోతే దొరుకుతనని తెలుసు. మాకు ఇడిచిపెట్టిండు.

పగటీలి అన్నం టైము వరకు అటవీశాఖోళ్ళు వచ్చిన్రు. వచ్చిన ఆఫీసరు చిన్న వయసాయన, మాట మెత్తగనే ఉన్నది. అడిగినయ్ రెండే ప్రశ్నలు. చేను ఎవరిది? దరఖాస్తు మీద సంతకం ఎవరిది? రెండింటికి ఒకటే జవాబు. ఆ జవాబు అంగి నిండ నెత్తురుతోని నిలబడి ఉన్నది.

ఆయన భార్య బీడీల చాట ఇంటి కాడ పడేసి ఉరికొచ్చింది. "సారూ, కేసయితే పాస్‌పోర్టు ఆపుతరట గదా? పోనియ్యరట గదా? మీరు చెప్పుండ్రి సారూ, మీరు చెప్తే ఇంటరు."

నేను ఆయన దిక్కు చూసిన. ఆయన నా దిక్కు చూసిండు. "నేను పంది అని రాయుమన్న" అన్నడు. "నువ్వు రాయలే."

చిన్నప్పటి సంది మీరు అన్న నోరు. గా ఒక్క నువ్వుతోని నా ముప్పై ఏండ్ల సర్వీసు గంగల కలిసింది.

సర్పంచ్ సాబ్ నన్ను పక్కకు పిలిచిండు. "సారూ, కాగితం మీద మీ పేరు ఏడ లేదు. మీరెందుకు నడుమ చొస్తరు? వాడు పైసలున్నోడు, పైన అందరు ఎరుకున్నోళ్ళు. వీనికి ఏదో జుర్మానా ఏస్తరు, అయిపోతది. ఫికర్ చేయకుండ్రి. ఇంటికి పోయి పండుకోండ్రి."

నిజమే. నేను రాసిన ఒక్క కాగితం మీద కూడ నా పేరు ఉండదు. తప్పు రాసినా పట్టుబడని మంచి కొలువు నాది. అదే టైముకు నా జేబుల ఫోను టింగుమన్నది. వీడియో. పాపం, మాట మీద నిలబడ్డ మనిషి.

సర్పంచ్ నా భుజం మీది నుంచి చూసిండు. "డిలీట్ కొట్టుండ్రి సారూ" అన్నడు.

గప్పుడు వచ్చింది నాకు కోపం. అప్పటిదాక వచ్చింది కోపం కాదు, కంగారు. కంకులు విరుగుతుంటే మజా లేదన్నోని మీద వచ్చింది. చదవకుండ కొట్టిన ముద్ర మీద వచ్చింది. నెత్తురు అంగి మీద చూసి నేరం అనుకునే చూపు మీద వచ్చింది. అన్నిటికన్న ఎక్కువ, పంది అనే మూడు వంకర్ల మాట రాస్తే తన పరువు పోతదనుకున్న ముసలి పంతులు మీద వచ్చింది. గా పంతులును తిడుతామంటే ఎదురుంగ లేడు. సర్పంచ్ ఉన్నడు. ఆయననే తిట్టిన.

"పండుకోమంటవా? మక్క పండుకున్నది, జింక పండుకున్నది, ఇంక నేను కూడ పండుకోవాల్నా?"

గీసారి గొంతు సన్నగ రాలే. దూరంగ ఉన్న ఆఫీసరు కూడ తిరిగి చూసిండు.

పోయి ఆఫీసరుకు ఫోను ఇచ్చిన. వీడియోల జింక ఉన్నది, దూరం అంకెలు ఉన్నయ్, నవ్వు ఉన్నది, "ఏం షాట్!" అన్న ఆకుల బట్టలాయన గొంతు ఉన్నది. తర్వాత తెల్లకాగితం అడుక్కొని జీపు ముక్కు మీద పెట్టి రాసిన. గౌరవనీయులు లేరు, నిర్మూలించుటలు లేవు. 'అడవి పందులని రాయుమని ఈయన చెప్పిండు. మృగములని నేను రాసిన. జింకను కొట్టింది జీపుల వచ్చినాయన. ఈయన దానికి నీళ్ళు పోసిండు.' కింద నా సంతకం, తండ్రి పేరుతో సహా. ఆఫీసరు రెండుసార్లు చదివిండు. "భాష ఇట్లనే ఉండనిస్తారా సార్?" అని అడిగిండు. ఉండనియ్యుమన్న.

కౌలాయన పేరును నిందితుల గళ్ళ నుంచి తీసి సాక్షుల గళ్ళ రాసిన్రు. వాంగ్మూలం గా రోజే తీసుకున్నరు. ఎక్కడికి పోయినా అడ్రసు ఇచ్చి పోతే సాలన్నరు. ఆయన భార్య కొంగుతోని ముఖం కప్పుకొని ఒడ్డు మీదనే కూలబడ్డది.

కేసు ఇంకా నడుస్తనే ఉన్నది. నన్ను పిలిచినప్పుడల్ల నిజామాబాద్ పోయి వస్త. ఒకసారి అవతలి వకీలు లేచి, "మృగమంటే జింక అనే అర్థం ఉందా లేదా, మీరే చెప్పండి పంతులుగారూ" అన్నడు. ఉన్నదని చెప్పిన. లేదని ఎట్ల చెప్త? కొట్టినాయన ఎనుక బెంచి మీద కూసొని ఫోను చూసుకుంటున్నడు. గీసారి మామూలు బట్టలల్ల ఉన్నడు. చెట్టు లెక్క లేడు. పక్కింటోళ్ళ లెక్కనే ఉన్నడు. గది చూసి నాకు ఇంకింత మండింది.

వానకాలం మొదట్ల కౌలాయనకు గల్ఫ్ పిలుపు వచ్చింది. నేను ఆర్మూర్ బస్టాండు దాక పోయిన, పిలవకున్నా. ఆయన నాతోని మాట్లాడలేదని కాదు. "బాగున్నరా సారూ" అన్నడు. మీరు అనుడు మళ్ళ మొదలుపెట్టిండు. గది మర్యాద కాదు, దూరమని నాకు తెల్వదా. బస్సెక్కే ముందర భార్యకు నిదానంగ చెప్తున్నడు, నాకు ఇనబడాలనే చెప్పిండో, ఇనబడదని చెప్పిండో:

"ఏదన్న కాగితం వస్తే ఆఫీసుకే పోయి అడుగు. వాళ్ళతోనే రాయించుకో. ఊర్ల ఎవ్వరికి చూపియ్యకు."

ఆమె నా దిక్కు చూసి తల దించుకున్నది. నాకు కోపం రావాలె. వచ్చింది కూడ. కాని ఆయన మీద కాదు, ఆయన చెప్పిన దాంట్ల ఒక్క తప్పు దొరకనందుకు.

బస్సు కదిలింది. ఆయన కిటికీల నుంచి ఆమెకు చెయ్యి ఊపిండు. నేను కూడ ఊపిన.