నల్లిపారస్ అని రాసిన కాగితం

నేను అల్లూరు దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. అరుదైన ఇంగ్లీషు మాట ఎదురైతే దాని లాటిన్ మూలం దొరికేదాకా ఊరుకోను. మనం లిటోరల్ మనుషులం, లాటిన్‌లో లిటుస్ అంటే సముద్రపు ఒడ్డు అని చెబితే పిల్లలు నవ్వుతారు. మా చెల్లెలూ నవ్వేది. ‘మా అక్కకి కూడు పెట్టకపోయినా ఫర్వాలేదు, డిక్షనరీ ఇస్తే చాలు’ అనేది.

పోయిన నెల ఆమె చిట్టమూరు నుంచి వచ్చింది. గర్భసంచి తీసేయాలన్నారట. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం నా ముందు పెట్టి ఒక మాట మీద వేలు పెట్టింది.

‘ఇది ఏందక్కా? నర్సమ్మని అడిగితే ఏం లేదులే అనింది.’

నల్లిపారస్. మామూలుగా ఎక్కడా కనబడని మాట. నాకు హుషారొచ్చింది. నుల్లుస్ అంటే ఒక్కటీ లేదని, పరెరె అంటే కనడమని, రెండూ కలిస్తే ఒక్క కాన్పూ కాని మనిషి అని గడగడా చెప్పేశాను. చెప్పాక గానీ ఎవరితో చెబుతున్నానో తెలియలేదు.

ఇరవై రెండేళ్ల కిందట నెలలు నిండి, రోజంతా నొప్పులు పడి, చెల్లెలు ఒక బిడ్డను కన్నది. బిడ్డ ఏడవలేదు. ఒళ్లు తుడిచి పాత చీరలో చుట్టింది నేనే. చేతులకు గోళ్లు కూడా వచ్చి ఉన్నాయి. ఆ తర్వాత ఆమెకు మళ్లీ కడుపు రాలేదు.

‘నేను కనలేదని రాసినారా?’ అంది నెమ్మదిగా. ‘పిల్లలెంతమంది అని అడిగినారు. లేరన్నా. కాన్పయిందా అని అడగలేదు గదా.’

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకొక్క ప్రశ్న అడిగే తీరిక లేదా వీళ్లకు? ‘ఈమె కనలేదు’ అని తెలుగులో రాసి చేతికిచ్చి ఉంటే అక్కడికక్కడే అడిగేసేది. ఆమెకు అర్థం కాని మాట కాబట్టే అడ్డూ అదుపూ లేకుండా రాసేశారు. ఇలాంటి మాటలను ఇన్నేళ్లు ముద్దు చేసిన నా మీద కూడా నాకు కోపం వచ్చింది.

మరునాడు ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కాగితం చూసి, ‘ఆపరేషన్‌కి దీనివల్ల పెద్ద తేడా ఏమీ రాదు మేడం’ అంది.

‘మా చెల్లెలికి వస్తుంది’ అన్నాను. ‘నెలలు నిండాక బిడ్డ ప్రాణం లేకుండా పుట్టినా కాన్పు కాన్పేనని మీకు తెలియదా?’

తెలుసు. ముఖం చూస్తేనే అర్థమైంది. సారీ అని, ఆ మాట కొట్టేసి పైన ఏదో రాసింది. ‘ఒక కాన్పు అని రాశానమ్మా. సరేనా?’

చెల్లెలు వంగి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు.

‘ఆడపిల్ల అని గూడా రాయండి, డాక్టరమ్మా.’

‘అది రాయడానికి ఇందులో గడి లేదమ్మా.’

‘పక్కన ఖాళీ ఉంది గదా’ అంటూ చెల్లెలు అక్కడ వేలు పెట్టింది. డాక్టరమ్మ రాసేదాకా వేలు తీయలేదు.