మనిషా... మెకమా?

ముందే చెబుతున్నాను, నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం. ప్రత్తిపాడులో చాలా ఏళ్లు పురుగుమందుల కొట్టు నడిపినవాణ్ణి నేను. "ఈ మందు కొట్టు, ఒక్క పచ్చపురుగు మిగిలితే వచ్చి నన్నడుగు" అని రైతులకి చెప్పిన నోరు ఇది. ఈ నోటితో ఒట్టు వేస్తే ఎవరు నమ్ముతారు? అందుకే ఒట్టు వేయను. జరిగింది జరిగినట్టు చెబుతాను... అంతే.

నలభై దగ్గరపడుతున్న వయసులో నాకు వేట పిచ్చి పట్టుకుంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త అది. కారణం మా బావ. మా అక్కను ప్రకాశం జిల్లాలో కొండల కింద ఊరికి ఇచ్చాం. అక్కడ పత్తి, మిరప, చలికాలంలో శనగ వేస్తారు. కొండలు దగ్గర కాబట్టి అడవి పందులు ఎక్కువ. ఒక్క రాత్రి మంద దిగిందంటే తెల్లారేసరికి శనగచేను నాగలి పెట్టి దున్నినట్టు ఉంటుంది. మా బావ శేషయ్యకి వాళ్ల నాన్న నాటి ఒంటిగొట్టం తుపాకి ఉంది. పంట కాపలాకని లైసెన్సు కూడా ఉంది. మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఆయనవి పంది కథలే. ఆయన కొట్టిన పంది ఒకటే... కానీ చెప్పిన ప్రతిసారీ అది ఇంకాస్త బరువు పెరిగేది.

కొట్లో కుర్చీకి అంటుకుపోయి, పొట్ట పెంచుకుని, ఎకాలక్స్ మందు వాసన పీలుస్తూ కూర్చునే నాకు ఆ కథలు వింటుంటే ఒళ్లు ఝల్లుమనేది. ఒక్కసారి... ఒక్క పందిని నా చేత్తో కొట్టాలి. ఆ ఏడు చలికాలంలో కొట్టు తమ్ముడికి అప్పగించి బయలుదేరాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ముసలోడికి దసరా పండగని, ఈ వయసులో తుపాకేందండీ మీకు?" అంది. నవ్వేసి బస్సెక్కాను.

బావ నాకు గురువు. పగలంతా కొబ్బరిచిప్పలు గట్టు మీద పెట్టి గురి నేర్పాడు. మొదటిసారి పేల్చినప్పుడు తుపాకి వెనక్కి తన్నిన తన్నుకి భుజం వాచిపోయింది. చిప్పకి ఏమీ కాలేదు. మా అక్క ఉప్పుకాపడం పెడుతూ ఒకటే నవ్వు. తలకి నూనె రాయొద్దన్నాడు, సబ్బుతో స్నానం చేయొద్దన్నాడు. "నీ కొబ్బరినూనె వాసనకి పందులు శ్రీశైలం దాకా పరిగెత్తుతాయి రా బామ్మర్దీ" అన్నాడు. గాలి ఎటు వీస్తుందో చూసుకుని దానికి ఎదురుగా కూర్చోవాలన్నాడు. అన్నీ బుద్ధిగా నేర్చుకున్నాను. చివర్లో ఇంకొకటి చెప్పాడు.

"కనపడంగానే కొట్టేది కాదు. ముందు అడగాల."

"ఎవర్ని?"

"దాన్నే. 'మనిషా... మెకమా?' అని గట్టిగా అడుగు. మనిషైతే 'మనిషినే' అని పలుకుతాడు. పలక్కపోతే అప్పుడు కొట్టు."

మెకం అంటే అడవి జంతువు. మా వైపు ఎప్పుడో పోయిన మాట. అక్కడ ఇంకా బతికే ఉంది.

"పందిని పర్మిషన్ అడిగి కొడతారేంది బావా? అడిగేదాకా అది ఆగుద్దా?" అన్నాను.

దేనికైనా నవ్వే మనిషి... దీనికి నవ్వలేదు.

"ఆగితే ఆగుద్ది, పోతే పోద్ది. మా తాతల కాలంలో ఒకడు అడక్కుండా కొట్టాడు. తీరా పోయి చూస్తే గొంగడి కప్పుకుని పొణుకున్న మనిషి. అప్పట్నించి ఈ చేలల్లో అందరికీ తెలుసు. చేతిలో తుపాకి ఉన్నోడు అడగాల. చేలో ఉన్నోడు పలకాల."

కొట్టినవాడు ఎవరని అడిగాను. బావ బీడీ వెలిగించుకుని మాట మార్చేశాడు.

ఇక ఆ రాత్రి.

అంతకుముందు రాత్రులు బావ పక్కన కూర్చుని దోమలతో కుట్టించుకోవడమే సరిపోయింది. ఆ రాత్రి తుపాకి నా చేతికిచ్చాడు. "ఇయ్యాల నీదే" అన్నాడు. తను డబ్బా తీసుకుని చేనుకి ఆ చివరికి పోయాడు. పందులు అటు దిగితే డబ్బా కొడతాడు, అవి నా వైపు వస్తాయి. అదీ ఏర్పాటు. నేను ఈ చివర గట్టు మీద, కందికట్టెల వామి పక్కన కూర్చున్నాను. నాకు ఎదురుగా పత్తిచేను. దాని పక్కన శనగ. పైనుంచి పలచటి వెన్నెల.

పత్తిచేను అవతల మిరప కల్లం ఉంది. పగలంతా ఎండిన కాయలు. గాలి అటునుంచే వీస్తోంది. మీకు తెలుసుగా ఆ ఘాటు... గొంతులో గరగర మొదలైంది. దగ్గితే వేట పోయినట్టే. అందుకని తువ్వాలు కొస నోట్లో కుక్కుకుని పళ్లతో గట్టిగా కరిచిపట్టాను. ఇది గుర్తుంచుకోండి. నా నోరు మూసి ఉంది.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత... కసక్.

ఊపిరి బిగబట్టాను. ఏదో నములుతున్న చప్పుడు. కసక్... కసక్... ఆగింది. మళ్లీ కసక్.

పత్తిచేలోనే. ఏరకుండా మిగిలిపోయిన పత్తి అక్కడక్కడా తెల్లగా కనబడుతోంది. ఆ తెలుపు ఒకచోట మాయమైంది. మళ్లీ కనబడింది. దాని పక్కది మాయమైంది. అంటే... నల్లటిది ఏదో దాని ముందుగా కదులుతోంది. నేల బారున. మెల్లగా. ఆగుతూ ఆగుతూ. వంగిన వీపు ఒకటి కనబడింది. పెద్దది.

ఆ చివర బావ డబ్బా కొట్టలేదు. అంటే ఆయన చూడలేదు. ఇది నా పంది. నాకోసం వచ్చిన పంది.

తుపాకి భుజానికి ఆనించాను. వాచిన చోటే ఆనింది, నొప్పి కూడా తెలియలేదు. వీపు మధ్యకి గురి పెట్టాను. చేతులు అస్సలు వణకలేదు. అదే ఇప్పుడు తలుచుకుంటే భయం వేస్తుంది.

అడగాలి. తెలుసు. కానీ అడిగితే పారిపోతుంది. నోట్లో తువ్వాలు తీయాలి, గొంతు సవరించుకోవాలి... అంతలో పోతుంది. ఇంత రాత్రప్పుడు పత్తిచేలో మనుషులెవరుంటారు? ఈ ఒక్కసారికి...

వేలు బిగించాను.

అప్పుడు...

నా వెనక నుంచి. ఎడమ చెవి పక్క నుంచి. ఇంత దూరంలో.

"మనిషా... మెకమా?"

తొందర లేదు ఆ గొంతులో. కోపం లేదు. సంతలో దూడ ఈడు అడిగినట్టు, మామూలుగా అడిగింది. ముసలి గొంతా, పడుచు గొంతా... చెప్పలేను. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా చెప్పలేను. వెనక్కి తిరగలేకపోయాను. మెడ బిగుసుకుపోయింది. వేలు అక్కడే ఆగిపోయింది.

చేలో కసక్‌మనే చప్పుడు ఆగింది.



తర్వాత పత్తిచేలోంచి ఒకే ఒక్క మాట.

"మనిషినే."

ఆ నల్లటి వీపు లేచింది. లేస్తూనే ఉంది. నిలువునా లేచి... మనిషైంది. నెత్తి మీదుగా గొంగడి కప్పుకున్న ఆడమనిషి. నా వైపు చూసి, తుపాకి చూసి, రెండు చేతులూ పైకెత్తింది.

"బాబూ... కాల్చమాకండి బాబూ! నేనండీ, సువార్తమ్మని!"

తుపాకి నా చేతుల్లోంచి ఎలా జారిందో తెలియదు. అదృష్టం, పేలలేదు. అప్పుడు తిరిగి చూశాను వెనక్కి. కందికట్టెల వామి ఉంది. దాని వెనక పొలం... అటు చివర దాకా ఏమీ లేదు. తువ్వాలు ఇంకా నా పళ్ల మధ్యనే ఉంది. తీయబోతే దవడలు విడిపోలేదు.

సువార్తమ్మ మా అక్క వాళ్ల పొలంలో పత్తికీ మిరపకాయకీ వచ్చే మనిషి. ఆమె గేదెదూడ పలుపు తెంపుకుని పత్తిచేలో దూరింది. దీపం వేసినా, పిలిచినా బెదిరి కొండల్లోకి పారిపోతుందని, చప్పుడు చేయకుండా వంగి వంగి దాని దగ్గరికి పోతోంది. కసక్‌మని పత్తికాయలు నమిలింది ఆ దూడే. అది బెదరకూడదని ఆమె నోరు మూసుకుంది. పంది బెదరకూడదని నేను నోరు మూసుకున్నాను.

ఆ చివర నుంచి బావ గట్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరది 'మనిషినే' అన్నది? ఏమైందిరా?"

తుపాకి చూశాడు. ఆమెను చూశాడు. ఆయన మొహంలో నెత్తురు లేదు.

"అడిగావా?" అన్నాడు నాతో.

నేను కిందపడ్డ తుపాకి వైపు చూశాను.

"నువ్వు అడిగింది నాకు ఇనపళ్ళేదే. జవాబొక్కటే ఇనపడింది."

నేను నోరు తెరిచేలోపే సువార్తమ్మ అందుకుంది. "అడిగారండయ్యా. శుభ్రంగా అడిగారు. బాబుగారి గొంతే. ఆ బాబు అడగబట్టి బతికాను."

నా గొంతట... నా గొంతే!

ఇంటికి వెళ్లాక మా అక్క సువార్తమ్మను అరుగు మీద కూర్చోబెట్టి వేడివేడి టీ ఇచ్చింది. దూడని బావే పట్టి కట్టేశాడు. సువార్తమ్మ టీ తాగుతోంది. గ్లాసు పట్టుకున్న ఆ చేతివేళ్లు, మిరపకాయ కోసి కోసి ఎర్రబడినవి... వాటిని చూస్తూ కూర్చున్నాను. ఊదుకుంటోంది. తాగుతోంది. చీర కొంగుతో మూతి తుడుచుకుంటోంది. ఒక మనిషి టీ తాగడం చూసి ఏడుపు రావడం మీకెప్పుడైనా జరిగిందా? నాకు జరిగింది. పొయ్యి పొగ కళ్లలోకి పోయిందని అబద్ధమాడాను.

ఆ ఆదివారం వాళ్ల చర్చిలో ఆమె సాక్ష్యం చెప్పింది. నన్ను కూడా లాక్కెళ్లింది. దేవుడికి స్తోత్రం చెప్పి, "ఆ రాత్రి ఈ బాబుగారు అడిగారు" అంది. అందరూ తిరిగి నన్ను చూశారు. ఒక ముసలాయన వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. నేను ఏమనను? అడగలేదని చెబితే ఆమె దేవుణ్ణి అబద్ధం చేసినట్టవుతుంది. అడిగానంటే నా పళ్ల మధ్య ఉన్న తువ్వాలు సంగతేంటి? తల వంచుకుని కూర్చున్నాను.

వేట అక్కడితో సరి. మా ఆవిడ ఏం జరిగిందని అడగలేదు, నేను ఎప్పటికీ వెళ్లనంటే చాలు ఆవిడకి. బావ తర్వాత ఆ తుపాకిని స్టేషన్లో అప్పగించేశాడు. పంది కథలు కూడా మానేశాడు. పందులు మాత్రం మానలేదు, శనగ తిని పోతూనే ఉన్నాయి. తిననీలే అనుకున్నాం.

కొన్నేళ్ల తర్వాత మా మేనకోడలి పెళ్లికని ఆ ఊరు వెళ్లాను. పందిట్లో విస్తళ్లు తుడుస్తున్న సువార్తమ్మ నన్ను చూసి పక్కకి పిలిచింది. కాసేపు క్షేమసమాచారాలయ్యాయి. తర్వాత గొంతు తగ్గించింది.

"బాబూ, ఒకటడుగుతా. ఇన్నేళ్లూ ఎవరినీ అడగలా. ఆ రాత్రి మీరు అడిగారు కదా..."

"ఊఁ..."

"పలికిందెవరండీ?"

నాకు అర్థం కాలేదు. "నువ్వే కదా పలికింది" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నేను పలకలేదు బాబూ. దూడ చేతికందేంత దగ్గిరుంది. నోరు తెరిస్తే పోద్దని పలకలేదు. తప్పే. పలకాల. నా పక్కనే ఎవరో 'మనిషినే' అన్నారు. నా పక్కనండీ... ఇదిగో ఇంత దగ్గర. ఎవరాని చూద్దామనే నేను లేచింది."

పందిట్లో మేళం మోగుతోంది. ఎలాగో నవ్వు తెచ్చుకున్నాను.

"సువార్తమ్మా... అడిగిందెవరో నువ్వు చెప్పు. పలికిందెవరో నేను చెబుతా."

ఆమె నన్ను చూసింది. తెలిసిపోయింది ఆమెకి. ఆ నల్లటి కళ్లలో కోపం వస్తుందేమోనని చూశాను. నీ చేతిలో చచ్చేదాన్నే కదా అంటుందేమోనని చూశాను. అనలేదు. చేతిలో విస్తరి మీద నీళ్లు చిలకరించి, దులిపి, మిగతా వాటి మీద పెట్టింది.

"ఎవరైతే ఏందిలెండి బాబూ. పదండి... బంతి లేస్తంది, అన్నం తిందురు."

నన్ను బంతిలో కూర్చోబెట్టి ఆ విస్తరి నా ముందు వేసింది.